కళ్ళగంతల బెల్లం: విశాఖలో ఒక చిన్న బ్రాండ్ ప్రచారం మీద కేస్ స్టడీ

అనకాపల్లి బెల్లం గురించి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి ఒకటి. ఆ ఊరికి దగ్గర్లోని ఒక పల్లెలో బెల్లం వండే కుటుంబం మా క్లయింట్. తండ్రి చెరకు పండించి, బెల్లం వండిస్తారు. ప్యాకింగూ అమ్మకమూ అన్నాచెల్లెళ్ళిద్దరూ చూసుకుంటారు. రంగు కోసం ఏ మందూ కలపని బెల్లాన్ని కిలో, అరకిలో ప్యాకెట్లుగా విశాఖలో అమ్మాలన్నది వాళ్ళ ఆలోచన. దసరా రోజుల్లో ఆ పని, బ్రాండ్లకి ప్రచారం చేసిపెట్టే మా సంస్థ చేతికొచ్చింది. సంక్రాంతి, ఉగాది దాటి వానాకాలం దాకా ఆ ప్రచారం ఎలా నడిచిందో ఇక్కడ రాస్తున్నాను. కుటుంబం పేరు, అమ్మకాల లెక్కలు వాళ్ళ సొంత విషయాలు కాబట్టి వాటి జోలికి వెళ్ళడం లేదు.

చిక్కంతా రంగుతోనే

కిరాణా కొట్లో జనం ఇష్టంగా చేతిలోకి తీసుకునే బెల్లం పసుపుపచ్చగా మెరుస్తుంటుంది. ఆ మెరుపు చాలాసార్లు సోడియం హైడ్రోసల్ఫైట్ అనే రసాయనం వల్ల వస్తుంది. బెల్లం వండేవాళ్ళు దాన్ని హైడ్రోస్ అంటారు. పెనంలో చెరకురసం మరుగుతున్నప్పుడు వేస్తే రంగు తేలిపోతుంది. కొన్నాళ్ళు నిలవ ఉంటే మళ్ళీ ముదురుతుంది కూడా. ఆ మందు వల్ల బెల్లంలో మిగిలే సల్ఫర్ డయాక్సైడ్ 70 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ళలో 70) దాటకూడదని ఆహార భద్రత ప్రమాణాల్లో ఉంది. లూజుగా కొట్టి ఇచ్చే దిమ్మకి ఆ పరీక్ష ఎవరు చేస్తారు? మందు వెయ్యకుండా, బెండ కాండం జిగురుతో మడ్డి తీసి వండిన బెల్లం గోధుమ రంగులో వస్తుంది, ఒక్కో వంటకి ఇంకా ముదురుగా వస్తుంది. తెలియనివాళ్ళ కంటికి అది పాత సరుకు.

మన రాష్ట్రంలో దీనికి ఇంకో తలనొప్పి ఉంది. నల్లబెల్లం అనగానే అందరికీ నాటుసారా గుర్తొస్తుంది. నల్లబెల్లం, పటిక పట్టుకున్నారన్న వార్త పేపర్లో చదవని తెలుగువాళ్ళు తక్కువ. కాబట్టి మా బెల్లం ముదురు రంగుది, అదే మంచిది అని పెద్ద అక్షరాలతో వేసుకుంటే నవ్వులపాలవుతాం. పైగా ధర. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బెల్లం మీద 5% జీఎస్టీ పడింది, లూజు బెల్లానికి పన్ను లేదు. అంటే పద్ధతిగా తూకం, తేదీ, లైసెన్స్ నంబరు అచ్చేసి అమ్మేవాడి సరుకే పక్కనున్న దిమ్మ కన్నా ఖరీదు. చూడ్డానికి బాగోదు, ధర ఎక్కువ, పేరులో సారా వాసన. ఆ అన్నాచెల్లెళ్ళు మా దగ్గరికొచ్చేనాటికి పరిస్థితి అది.

అప్పటికే వాళ్ళు ఇన్‌స్టాగ్రామ్‌లో చెరకు తోటల ఫొటోలు పెట్టి, డబ్బు కట్టి బూస్ట్ చేయించారు. లైకులు బాగానే వచ్చాయి. కొట్లలో పెట్టిన ప్యాకెట్లు మాత్రం కదల్లేదు. ఇది నేను చాలా చిన్న బ్రాండ్ల దగ్గర చూస్తున్న సంగతే. సరదా వీడియో ఎదురైతే ఎవరైనా ఒక్క నిమిషం ఆగి చూస్తారు. అరిసెలకి ఏ బెల్లం కొనాలి అన్నప్పుడు మాత్రం ఇంట్లో పెద్దావిడనో, ఏళ్ళ తరబడి సరుకులు తెచ్చుకుంటున్న షావుకారునో అడుగుతారు. అందుకే మేం పెట్టిన ప్రతిపాదనలో మొదటి నెలకి ఒక్క వీడియో కూడా లేదు. అన్నకి అది నచ్చలేదు. "అందరూ రీల్స్ చేస్తుంటే మనం కొట్ల చుట్టూ తిరగడం ఏంటి సార్?" అన్నాడు. అతనికి అముల్ సంగతి చెప్పాను. గుజరాత్‌లోని కైరా జిల్లా పాల రైతులు సహకార సంఘం పెట్టుకున్నది 1946లో. చుక్కల గౌను వేసుకుని ఊరందరి మీదా చమత్కారాలాడే ఆ అముల్ పాప వచ్చింది 1966లో. మధ్యలోని ఇరవై ఏళ్ళూ పాలు వేళకి పోయించుకుని రైతుకి డబ్బు సరిగ్గా ఇవ్వడమే వాళ్ళ అసలు ప్రచారం. మన దగ్గర ఇరవై ఏళ్ళు లేవు, కనీసం ఒక నెలైనా ఆ పని చేద్దాం అన్నాను. చెల్లెలు ఒప్పుకుంది, అన్న ఆమె కోసం ఒప్పుకున్నాడు.

హుద్‌హుద్ అప్పుడు అరువిచ్చింది ఎవరు?

విశాఖలో కిరాణా కొట్లకి కొదవ లేదు. పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ కొట్ల నుంచి పెందుర్తి సందుల్లో చిన్న బడ్డీల దాకా లెక్కలేనన్ని. డిస్ట్రిబ్యూటర్లు మామూలుగా ఏ కొట్టుకి గిరాకీ ఎక్కువో చూసి ఎంచుకుంటారు. మాకు కావలసింది మాట చెల్లే కొట్టు. దాన్ని కనిపెట్టడానికి కంచరపాలెం, అక్కయ్యపాలెం, గాజువాక, గోపాలపట్నం వీధుల్లో ఇళ్ళవాళ్ళని ఒకటే ప్రశ్న అడిగాం: హుద్‌హుద్ తుపాను అప్పుడు మీ వీధిలో అరువిచ్చింది ఎవరు?

2014 అక్టోబర్ 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచెయ్యలేదు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్టు, మంచినీళ్ళ క్యాను ఎవరికి తోచిన ధరకి వాళ్ళు అమ్మారు. అలాంటి రోజుల్లో మామూలు ధరకే సరుకిచ్చి, చీటీ మీద పేరు రాసుకుని పంపిన షావుకార్లు ఉన్నారు. వాళ్ళని జనం మర్చిపోలేదు. అడగ్గానే చెయ్యి చాపి కొట్టు చూపించారు. ఒక వీధిలో ముగ్గురిని అడిగితే ముగ్గురూ ఒకే కొట్టు చూపించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఏ సర్వే కంపెనీ చేతా తెప్పించుకోలేని సమాచారం అది.

అలా దొరికిన కొట్లకే వెళ్ళాం. గాజువాక వైపు ఒక పెద్దాయన ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"మంచి సరుకే బాబూ, కాదన్ను. కానీ ఈ రంగు చూసి ఎవులు కొంతారు? మా ఇంటిదే కొనదు."

"షావుకారు గారూ, కొనకపోతే మేమే వెనక్కి తీసుకుంటాం. మీకు పైసా నష్టం రానివ్వం."

"అందరూ అలాగే అంతారు. లైనుకొచ్చిన కుర్రాడు మానేసినాక ఫోన్ ఎత్తేవోడు ఉండడు."

లైను కుర్రాడంటే కంపెనీ తరఫున కొట్లు తిరిగి ఆర్డర్లు రాసుకునేవాడు. ఆయన చెప్పింది నిజం. చిన్న బ్రాండ్ల మీద కొట్లవాళ్ళకి ఉండే ఫిర్యాదు ఇదే. సరుకు దింపేటప్పుడు ఉండే మర్యాద రిటర్న్ తీసుకునేటప్పుడు ఉండదు. అందుకని క్లయింట్ చేత ఒక కాగితం మీద రాయించి, సంతకం పెట్టించి ప్రతి కొట్టుకీ ఇప్పించాం. అమ్ముడుపోని సరుకు, పాడైన సరుకు ప్రశ్న అడక్కుండా వాపసు. ఆన్‌లైన్‌లో ఎప్పుడూ కొట్టు ధర కన్నా తక్కువకి అమ్మం. కాగితం మీద ఉన్నది అన్నాచెల్లెళ్ళ సొంత నంబరు, ఆఫీసు నంబరు కాదు.

రెండో మాట దగ్గరే క్లయింట్‌తో అసలు పేచీ వచ్చింది. పండక్కి ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ పెడితే తప్ప ఎవరూ కొనరని అన్న పట్టుబట్టాడు. నేను గట్టిగా వద్దన్నాను. మన బెల్లం మంచిదని షావుకారు తన నోటితో పదిమందికి చెప్పాక, ఆ పదిమందీ ఫోన్‌లో అదే ప్యాకెట్టు ఇరవై రూపాయలు తక్కువకి చూస్తే మాట పోయేది ఆయనది. ఒకసారి అలా జరిగితే మనం ఎన్ని వీడియోలు చేసినా ఆయన మన ప్యాకెట్టు ముందు వరసలో పెట్టడు. చివరికి డిస్కౌంట్ డబ్బునే కొట్లకి మళ్ళించాం. సంక్రాంతి వారంలో కొట్టుకొచ్చి కొన్నవాళ్ళకి అరిసెల నూనె వార్చుకునే చిల్లుల గరిటె ఒకటి ఉచితం. ఇచ్చేది షావుకారు, పేరొచ్చేది షావుకారుకి.

ఆట

ఇప్పుడు సరదా సంగతి. ఇందులో నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇది, కొంచెం వివరంగా రాస్తాను.

రంగు చూసి ముఖం తిప్పుకుంటున్నారు కాబట్టి కళ్ళకి గంతలు కడదాం అన్నది మా డిజైనర్ అమ్మాయి ఆలోచన. చిన్నప్పుడు అందరం ఆడిన ఆటే. సీతమ్మధార రైతుబజారు బయట ఒక బల్ల వేసుకున్నాం. దాని మీద రెండు అరిటాకు ముక్కలు, ఒకదాంట్లో పసుపు బెల్లం, ఇంకోదాంట్లో మా బెల్లం. వచ్చినవాళ్ళ కళ్ళకి నేత తువ్వాలు కట్టి, రెండూ తినిపించి, ఏది బాగుందో చెప్పమనడం. అంతే. షూట్ చేస్తామని ముందే చెప్పి, సరే అన్నవాళ్ళనే తీశాం. చిన్నపిల్లల్ని తీయలేదు.

ఒకావిడ కూరల సంచి కింద పెట్టి, తువ్వాలు కట్టించుకుంది. మొదటి ముక్క నోట్లో వేసుకుని తల ఊపింది. రెండోది వేసుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. ముక్కని బుగ్గకి నెట్టి, చప్పరించి, "ఇది మా అమ్మగారింట్లో గానుగ ఆడినప్పుడు వేడిగా పెట్టేవాళ్ళు చూడు, ఆ రుచి. మొదటిదాంట్లో ఉప్పు తగుల్తోంది" అంది. తువ్వాలు విప్పాక ఆ ముదురు ముక్క చూసి, "ఇదా?" అని పెద్దగా నవ్వింది. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. ఆ 'ఇదా?' అన్న మాటే మొత్తం ప్రచారానికి పల్లవి అయింది. ప్రతి వీడియో ఆ మాట దగ్గర ఆగేది. కొంతమంది పసుపు బెల్లమే బాగుందన్నారు. వాళ్ళ వీడియోలు కూడా పెట్టాం. అందరూ ఒకటే మాట చెప్తే అది నాటకమని చూసేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

బీచ్ రోడ్డు మీద పొద్దున వాకింగ్ వాళ్ళ దగ్గర చేస్తే సముద్రం కనిపిస్తుంది, కురుసుర సబ్‌మెరైన్ కనిపిస్తుంది, వీడియో అందంగా వస్తుంది అని టీంలో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ వేళకి అక్కడ నడిచేవాళ్ళలో డాక్టర్ చెప్తే నడుస్తున్న షుగర్ పేషెంట్లు ఎక్కువ. వాళ్ళ నోట్లో బెల్లం పెట్టి వీడియో తీయడం ఏం మర్యాద?

ఇంకో ఆలోచన కూడా పక్కన పెట్టేశాం. బెల్లం దిమ్మకి పెళ్ళిచూపులు పెట్టి, పెళ్ళికొడుకు తరపువాళ్ళు రంగు తక్కువని ముఖం చిట్లిస్తే, తిన్నాక ఎగబడడం. స్క్రిప్ట్ వింటే నవ్వొచ్చింది, తప్పకుండా వైరల్ అయ్యేది. కానీ రంగు తక్కువని పెళ్ళిచూపుల్లో మాటలు పడ్డ ఆడపిల్లలు ఈ ఊళ్ళో ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఒక్కరైనా ఆ వీడియో చూసి ఫోన్ పక్కన పెట్టేస్తే ఆ నవ్వు మనకొద్దు. యాస విషయంలోనూ అంతే గట్టిగా ఉన్నాం. మా వీడియోల్లో ఉత్తరాంధ్ర మాట ఉంటుంది, అది మాట్లాడేవాళ్ళ నోటి నుంచే వస్తుంది, దాన్ని కామెడీ కోసం సాగదీయడం ఉండదు. మన యాసని తెర మీద నవ్వుకోడానికి వాడుకున్నది చాలు.

సంక్రాంతి దగ్గరపడ్డాక రెండో ఆట మొదలుపెట్టాం. దానికి 'పాకం పాసా?' అని పేరు. అరిసెల గుట్టంతా పాకంలోనే ఉంటుందని వంట తెలిసిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి, మరుగుతున్న పాకం బొట్టు అందులో వేసి, వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండలా రావాలి. జారిపోతే ఇంకా లేతగా ఉన్నట్టు, పిండి కలిపి వేస్తే నూనెలో విడిపోతాయి. ఉండ పళ్ళేనికి కొడితే ఠంగుమంటే ముదిరినట్టు, అరిసెలు రాయిలా వస్తాయి. మేం చేసిందల్లా కొత్తగా వంట నేర్చుకుంటున్నవాళ్ళని తమ పాకం వీడియో తీసి పంపమనడం, దాన్ని ఒక పెద్దావిడకి చూపించి తీర్పు చెప్పించడం. ఆవిడ పెళ్ళిళ్ళకి, పండగలకి పిండివంటలు చేసిపెట్టే మనిషి. కంచరపాలెంలో ఆవిడ చేతి అరిసెలు తినని ఇల్లు అరుదు. ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఆపు, ఆపు. ఆ నురగ చూసినావా, ఇంకో రెండు నిమిషాలుంచు తల్లీ. ఫెయిల్!" అని ముద్దుగా కసిరేది. పాసైతే "ఇలాగే కానీ, పిండి తడి ఆరకుండా చూసుకో" అనేది.

ఆ వీడియోలకి పంపినవాళ్ళలో ఏయూ హాస్టల్ పిల్లలున్నారు, ఉక్కునగరంలో కొత్త కోడళ్ళున్నారు, పెళ్ళయి బెంగళూరులో ఉంటున్నవాళ్ళున్నారు. ఏ కంపెనీ బెల్లంతో చేసినా ఆవిడ తీర్పు చెప్పింది. మా బెల్లమే వాడాలన్న షరతు పెట్టకూడదని మొదటే అనుకున్నాం. మనకి ఏమీ కానివాళ్ళ పాకం కూడా సరిదిద్దినప్పుడే ఆవిడ మాటకి విలువ. పండగ ముందు వారంలో కొట్లలో "ఆ పాకం అమ్మ చెప్పే బెల్లం ఉందా?" అని అడగడం మొదలైంది. ఆవిడ ఒక్కసారి కూడా ఈ బెల్లం కొనండి అనలేదు. ఆవిడ వెనక అలమరలో ఆ ప్యాకెట్టు ఉండేది, అంతే.

డబ్బు తీసుకుని చెప్పే మాట

ఆవిడకి మేం డబ్బిచ్చాం. షావుకార్లకి మార్జిన్ ఉంది. ఈ రెండూ దాచలేదు. ప్రతి వీడియో మొదట్లోనే తెలుగులో 'ఇది ప్రకటన' అని వేశాం. 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి ఇన్‌ఫ్లుయెన్సర్లకి నియమాలు తెచ్చింది. 2022 జూన్‌లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వచ్చాయి. బ్రాండ్‌తో లావాదేవీ ఉంటే చూసేవాడికి చెప్పి తీరాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షలు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. జరిమానా భయం సరే, నా అనుభవంలో ప్రకటన అని ముందే చెప్పిన వీడియోని జనం ఎక్కువ ప్రశాంతంగా చూస్తారు. ఏదో అంటగడుతున్నారేమో అని వెతుక్కునే పని ఉండదు కదా.

ఈ మధ్యలో బాగా ఫాలోయర్లున్న ఒక ఫుడ్ పేజీ వాళ్ళు మాట్లాడారు. రేటు పెద్దదే, క్లయింట్ ఆశపడ్డాడు. వాళ్ళు పంపిన స్క్రిప్ట్‌లో 'చక్కెర మానేసి ఇది వాడితే షుగర్ ఉన్నవాళ్ళూ హాయిగా తినొచ్చు' అన్న వాక్యం ఉంది. తీసెయ్యమంటే, అది లేకపోతే వీడియో నడవదన్నారు. అక్కడితో ఆ బేరం వదిలేశాం. బెల్లంలో మొత్తం చక్కెరలు 90 శాతానికి తగ్గకూడదన్నది అసలు ప్రమాణమే. మంచి బెల్లమైనా రక్తంలో షుగర్ పెంచుతుంది. ఎవరింట్లోనో ఒక పెద్దాయన ఆ మాట నమ్మి రోజూ గ్లాసెడు బెల్లం పానకం తాగితే ఆ పాపం ఎవరిది? పానకం రుచి గురించి ఎంతైనా చెప్పుకుందాం. మందులా అమ్మడం మాత్రం నా చేతుల మీదుగా జరగదు.

విరిగిన పాలు

ఉగాది ముందు ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రిటైర్డ్ టీచర్ ఒకావిడ ఫొటో పెట్టారు. గిన్నెలో విరిగిపోయిన పాలు, పక్కన మా ప్యాకెట్టు. 'కెమికల్ లేదన్నారు, అరలీటరు పాలు నేలపాలు' అని కింద రాశారు. ఆ గ్రూపులో ఉన్న ఒకరు దాన్ని చెల్లెలికి పంపారు. ఆ అమ్మాయి టెన్షన్ పడిపోయి నాకు ఫోన్ చేసింది. జవాబు రాయడానికి మా రైటర్ సిద్ధమవుతుంటే ఆగమన్నాను. గ్రూపులో ఏమీ రాయొద్దు, అర లీటరు పాల ప్యాకెట్టు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళమన్నాను.

వెళ్ళింది. "మాస్టారమ్మా, నేనే ఆ బెల్లం చేసేదాన్ని. ఎలా వండారో ఒక్కసారి చెప్తారా?" అని అడిగింది. ఆవిడ పాలు పొంగుతుండగానే బెల్లం వేశారట. బెల్లానికి సహజంగానే కొంత ఆమ్ల గుణం ఉంటుంది, లవణాలుంటాయి, మరిగే పాలలో పడితే విరగ్గొడతాయి. ఏ బెల్లమైనా ఆ ప్రమాదం ఉంది. ఆ మాట మాటలతో చెప్పకుండా ఇద్దరూ కలిసి మళ్ళీ వండారు. అన్నం పాలలో మెత్తగా ఉడికాక పొయ్యి కట్టేసి, వేడి కాస్త తగ్గనిచ్చి, విడిగా నీళ్ళలో కరిగించి వడగట్టిన బెల్లం కొద్దికొద్దిగా పోశారు. విరగలేదు. ఆవిడే స్వయంగా గ్రూపులో రెండో ఫొటో పెట్టి, ఎలా చెయ్యాలో టీచరు పద్ధతిలో నాలుగు లైన్లు రాశారు. మేం అడగలేదు.

తర్వాత ఆ నాలుగు లైన్లనే, ఆవిడ అనుమతితో, ప్యాకెట్టు వెనక అచ్చేయించాం. దాని మీద ఒక సరదా వీడియో కూడా వచ్చింది. పాలూ బెల్లమూ పోట్లాడుకుంటుంటే పాకం అమ్మ వచ్చి, "ముందు ఇద్దరూ చల్లారండి, తర్వాత కలుద్దురు గాని" అని తీర్పు చెప్పడం. మొత్తం ప్రచారంలో జనం ఒకరికొకరు ఎక్కువగా పంపుకున్న వీడియో అదే. ఫిర్యాదు చేసిన మనిషి ఇంటికి వెళ్ళకుండా ఆ వీడియో ఒక్కటే పెట్టి ఉంటే, ఆవిణ్ణి ఎగతాళి చేసినట్టుండేది.

వానాకాలం

విశాఖ గాలిలో తేమ సంగతి ఇక్కడుండేవాళ్ళకి తెలుసు. బెల్లం తేమని పీల్చుకుంటుంది. జూలై వచ్చేసరికి కొన్ని ప్యాకెట్లు మెత్తబడి, అడుగున పాకంలా కారాయి. ప్యాకింగ్ కవర్ అతుకు బలహీనంగా ఉందని తర్వాత తేలింది. ఒక్కో కొట్టు నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. కాగితం మీద సంతకం పెట్టినందుకు పరీక్ష అప్పుడొచ్చింది.

అన్న ఆటో మాట్లాడుకుని అన్ని కొట్లకీ తనే వెళ్ళాడు. కారిన ప్యాకెట్టుతో పాటు కారనివి కూడా తీసుకొచ్చేశాడు. కొత్త కవర్లు వచ్చేదాకా సరుకు ఆపేశాం. ఇన్‌స్టాలో ఒక పోస్టు పెట్టాం: వానకి మా బెల్లం చెమట పట్టింది, బట్టలు మార్చుకుని వస్తుంది, ఇంట్లో ఉన్న ప్యాకెట్టు మెత్తబడితే మీ షావుకారుకిచ్చి డబ్బు తీసుకోండి. అంతకు ముందు ఏం దాచిపెట్టి ఉన్నా ఆ సరదా అక్కడ చెల్లేది కాదు. గాజువాక షావుకారు ఆ రోజు అన్నకి టీ ఇప్పించి, "లైను కుర్రాడు కాదు, యజమానే వొచ్చినాడు" అని పక్క కొట్టువాళ్ళకి చెప్పాడట. ఆ పక్క కొట్టు అప్పటిదాకా మా సరుకు పెట్టుకోవడానికి ఒప్పుకోనిది. కొత్త కవర్లతో సరుకు దిగిన వారంలోనే వాళ్ళే ఆర్డర్ ఇచ్చారు.

ఏం తేలింది

లెక్క చూడ్డానికి మేం పెట్టుకున్నవి రెండే. లైను కుర్రాడు అడక్కుండా కొట్టువాళ్ళే ఫోన్ చేసి ఆర్డర్ ఇస్తున్నారా, కొనేవాళ్ళు ఏ మాటతో అడుగుతున్నారు. మొదట్లో 'ఆ నల్లది ఏంటి' అనేవాళ్ళు, ఉగాది నాటికి 'కళ్ళగంతల బెల్లం' అన్నారు. కొట్టువాళ్ళ చేత ఈ మాటలు ఒక నోట్‌బుక్‌లో రాయించాలని చూశాం, కొందరు రాశారు, చాలామంది గుర్తున్నంత చెప్పారు. వ్యూస్ లెక్క కూడా చూశాం గానీ దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోలేదు. బాగా వ్యూస్ వచ్చిన కళ్ళగంతల వీడియో ఎక్కువ నడిచింది హైదరాబాద్‌లో. అక్కడ మా సరుకు ఒక్క కొట్లో కూడా లేదు.

కదలనివీ ఉన్నాయి. హోటళ్ళు, స్వీట్ షాపులు మారలేదు. వాళ్ళకి రంగు కావాలి, ధర కావాలి, ఆ రెండిటిలోనూ మేం పోటీకి లేము. లూజు బెల్లం కొనేవాళ్ళలో చాలామంది లూజే కొంటున్నారు, కిలోకి పడే తేడా వాళ్ళకి చిన్నది కాదు. నేవీ క్వార్టర్స్ వైపు ఉత్తరాది కుటుంబాలకి ఈ రంగు బెల్లం కొత్త కాదు, వాళ్ళ ఊళ్ళలో ఇలాంటి గుడ్ (బెల్లాన్ని హిందీలో అలా అంటారు) తిన్నవాళ్ళే. వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి మా తెలుగు వీడియోలు పనికిరావు, అక్కడి క్యాంటీన్లకీ వీధి కొట్లకీ వేరే దారి వెతకాలి.

ఇప్పుడు క్లయింట్ హైదరాబాద్ గురించి అడుగుతున్నాడు. అక్కడివాళ్ళు కామెంట్లలో 'మాకెప్పుడు' అని రాస్తున్నారు కాబట్టి పెద్ద సూపర్ మార్కెట్ గొలుసులో పెట్టేద్దామని. నా సలహా వేరే. ముందు ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు ఎక్కువున్న రెండు మూడు కాలనీలు చూసుకుని, అక్కడ జనం ఎవరి కొట్టుని నమ్ముతారో అడిగి, అదే వాపసు కాగితం పట్టుకుని వెళ్ళాలి. వాళ్ళని హుద్‌హుద్ గురించి అడగలేం. కరోనా లాక్‌డౌన్‌లో సరుకులు గుమ్మం దాకా తెచ్చిచ్చింది ఎవరని అడగొచ్చు. కొత్త చెరకు గానుగకి వచ్చేలోపు ఆ కాలనీలు తిరిగి రావడానికి చెల్లెలు టికెట్ తీసుకుంది.